పై రాయి, లోపలి రాయి

పెళ్ళయిన నాటినుంచీ బియ్యంలోంచి రాళ్ళు ఏరిన మనిషికి నలభై మూడో ఏట రాళ్ళలోంచి గింజలు ఏరే ఉద్యోగం దొరికింది. పైగా దానికి జీతమట. ఆ మాట వదిన రెండుసార్లు చెప్పించుకుని మరీ నమ్మింది.

ఉద్యోగం సంగతి మోసుకొచ్చింది ఆడపడుచే. ఏడేళ్ళుగా అన్నావదినల ఇంట్లో మేడ మీది గదిలో ఉంటూ, విశ్వవిద్యాలయంలో అగ్నిపర్వతాల రాళ్ళ మీద పరిశోధన చేస్తోంది. ఈ ఏడేళ్ళలో అన్నగారి జుట్టు సగానికి సగం రాలిపోయింది, ఇంటికి రెండుసార్లు రంగులు వేశారు. పరిశోధన మాత్రం "ఇంకో ఆర్నెల్లు" దగ్గర కదలకుండా కూర్చుంది.

"డాక్టరమ్మగారూ, కాఫీ చల్లారిపోతోంది" అని వదిన కిందినుంచి కేకేసేది.

"పట్టా రాకుండానే డాక్టరమ్మనైతే, వచ్చాక ఏమని పిలుస్తావు వదినా?"

"అప్పుడు నేనెందుకు పిలుస్తాను? చీటీ రాయించుకుని వరసలో నిలబడతాను."

వదిన చదువుకోని మనిషేమీ కాదు. కెమిస్ట్రీలో డిగ్రీ ఉంది. ఇన్నేళ్ళలో ఆ డిగ్రీ పనికొచ్చింది వంటింటి తూము మూసుకుపోయినప్పుడూ, భర్త చొక్కా జేబులో పెన్ను కక్కినప్పుడూ మాత్రమే. అందుకని, "ల్యాబులో గింజలు ఏరే ఆవిడ మానేసింది, నీ చూపు బాగుంటుంది కదా, వస్తావా" అని మరదలు అడిగినప్పుడు ఆవిడ పెద్దగా బెట్టు చేయలేదు. ఒక పూట చేసిందంతే.

ల్యాబు భవనం అడుగున, సగం నేలలోకి దిగిన గదిలో ఉంది. ఒక పక్క పెద్ద సింకు, దాని మీద కిటికీ. కిటికీలోంచి చూస్తే బయట నడిచేవాళ్ళ చెప్పులు తప్ప ఇంకేమీ కనబడవు. ఇంకో పక్క ఇనప రోలూ రోకలీ, జల్లెళ్ళు, మధ్యలో బల్ల మీద మైక్రోస్కోపు. మరదలు మొదటిరోజే గది ఈ మూల నుంచి ఆ మూలకి "వదినా!" అని అరిచింది. అంతే, ఆ పూట నుంచి భవనంలో అందరికీ ఆవిడ వదినే. అరవై రెండేళ్ళ ప్రొఫెసరుగారు కూడా "వదినగారూ" అంటూంటే, మొదట్లో ఆవిడ వెనక్కి తిరిగి చూసేది, తన వెనకాల ఇంకెవరైనా పెద్దావిడ నిలబడి ఉందేమోనని.

పని తేలికే, తెమలనిదే. నల్లటి లావారాయిని బద్దలుకొట్టాలి, జల్లించాలి. జల్లించినదాన్ని మైక్రోస్కోపు కింద పరిచి, ముక్కుపుడక కూడా పట్టనంత సన్నటి పట్టకారుతో ఆకుపచ్చ పలుకుల్ని ఏరాలి. చక్కెర పలుకంత ఉంటాయి, సోడాసీసా రంగులో. వాటి పేరు ఆలివిన్. పగులు లేనివీ మచ్చ లేనివీ మాత్రమే సీసాలోకి వెళ్ళాలి.

"ఇంతా చేసి వీటిలో ఏముంటుందే?" అని మొదటి వారంలో వదిన అడిగింది.

"హీలియం."

"బుడగల్లో నింపేదా?"

"అదే. అందులో రెండు రకాలున్నాయి వదినా, తేలికది ఒకటి, బరువుది ఒకటి. బరువుది భూమిలో ఇప్పటికీ తయారవుతూనే ఉంటుంది. తేలికది మాత్రం భూమి పుట్టినప్పుడు లోపల చిక్కుకుపోయిన పాత సరుకు. పై పొరలు ఎన్నోసార్లు మరిగి, ఆవిరైపోయి దాన్ని పోగొట్టుకున్నాయి. ఎవరూ కలపని, కదపని చోటు ఎక్కడైనా అట్టడుగున మిగిలి ఉంటే, అక్కడ తేలికదాని పాలు ఎక్కువుంటుంది. అక్కడి లావా పైకొస్తే, అది ఈ పలుకుల్లో ఇరుక్కుని మనదాకా వస్తుంది."

"అంటే మా అత్తగారి ఇనప్పెట్టె అన్నమాట. తాళం తీయగా ఎవరూ చూడలేదు. లోపల ఏదో ఉందని మాత్రం అందరికీ చెప్తారు."

"మా అమ్మని అనకు. కానీ సరిగ్గా అదే."

గాలిలో ఉన్న పాలుతో పోల్చి లెక్క చెప్తారట. మామూలుగా సముద్రం అడుగున పగుళ్ళలోంచి వచ్చే రాళ్ళకి ఎనిమిది రెట్లు. పది దాటితే కాస్త లోతుది. ముప్ఫై దాటితే ప్రొఫెసరుగారు కుర్చీలోంచి లేస్తారు.

"కాకపోతే ఒక తిరకాసుంది," అంది మరదలు. "ఆకాశం నుంచి ఒకరకం కిరణాలు వస్తూనే ఉంటాయి. రాయి ఆరుబయట వేల ఏళ్ళు పడి ఉంటే, అవి తగిలి తగిలి ఆ రాయిలోనే తేలిక హీలియం కొత్తగా పుడుతుంది. దాన్ని చూసి అట్టడుగు సరుకనుకుంటే మన కొంప మునిగినట్టే. అందుకని ఎప్పుడూ లోపలి నుంచి తవ్విన రాయే కావాలి."

వదిన తలూపింది. అర్థమైంది కూడా. అర్థం కావడానికీ చెయ్యి అలవాటు మానుకోవడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో మాత్రం ఆ రోజుకి తెలియలేదు.

ఆ తర్వాతి వారమే దీవి నుంచి రాళ్ళు వచ్చాయి. మరదలు పడవ మీద వెళ్ళి, పదిరోజులు ఎండలో మాడి తెచ్చుకున్న రాళ్ళు. అన్నిటిలోకీ ముఖ్యమైనవి రెండు. దీవిలో ఒకచోట కొత్తగా రోడ్డు వేయడానికి పాత లావా గుట్టని నిలువునా కోశారు. ఆ కోత అడుగున, సుత్తితో ఇంకా మూరెడు లోపలికి తొలిచి తీసింది లోపలి రాయి. అదే గుట్ట నెత్తి మీద, ఆకాశం కింద పడి ఉన్నది పై రాయి. ఆ లావా ఎన్నాళ్ళుగా ఆరుబయట ఉందో తేల్చడానికి రెండోదాన్ని ఇంకో ఊరి ల్యాబుకి పంపాలి. రెండూ ఒకే లావా కనక రంగులో కవలపిల్లల్లా ఉన్నాయి. సిరా అంటితే లెక్కలు చెడతాయని ఆ ల్యాబులో రాయి మీద ఏమీ రాయరు. సంచి మీదే రాస్తారు. పాటించవలసిన నియమం ఒక్కటే, గోడ మీద అట్ట కట్టి మరీ ఉంది: ఒక సమయంలో బల్ల మీద ఒకే రాయి, ఒకే సంచి.

వదిన ఆ అట్ట చదివింది. చదివి, సింకు నిండా నీళ్ళు పట్టి, రెండు రాళ్ళూ ఒకేసారి పడేసింది.

ఆవిడ దృష్టిలో ఇందులో తప్పేమీ లేదు. అంట్లు ఎవరైనా ఒక్కొక్క గిన్నే తోముతారా? ముందు అన్నీ నానబెట్టాలి. పైగా సంచులు చూస్తే ఒళ్ళు జలదరించేలా ఉన్నాయి, వాటినీ ఉతికింది. రాళ్ళని పీచు పెట్టి, సందుల్లో పాత పళ్ళబ్రష్షు పెట్టి, నల్లగా నిగనిగలాడేదాకా తోమింది. ఒకదాని మీద బూడిదరంగు పొక్కులేవో అంటుకుని వదలకపోతే ఇంకో నాలుగు రుద్దులు రుద్దింది. కిటికీ గట్టు మీద అన్నీ ఆరబెట్టి, సాయంత్రం ఎవరి సంచిలో వాళ్ళని వేసేసింది. పెద్దరాయి పెద్ద సంచిలో, చిన్నరాయి చిన్న సంచిలో. ఇందులో ఆలోచించేందుకు ఏముంది?

"అబ్బ! మన ల్యాబు చరిత్రలో ఇంత శుభ్రమైన రాళ్ళు లేవండీ," అన్నారు ప్రొఫెసరుగారు మర్నాడు. వదిన ఆ మాట ఇంటికి తీసుకెళ్ళి భర్తకి రెండుసార్లు చెప్పింది.

నెల్లాళ్ళకి లోపలి రాయి పలుకులు మూడో అంతస్తులోని యంత్రం దగ్గరికి వెళ్ళాయి. ముందు వాటిని శూన్యంలో నలిపి, పలుకుల్లోని సన్నబుడగల్లో చిక్కుకున్న గాలి తీయబోయారు. కొలవడానికి చాలినంత రాలేదు. "నలిపితే రాలేదు, కరిగిద్దాం," అన్నారు ప్రొఫెసరుగారు. కరిగించారు. అంకె వచ్చింది. ముప్ఫై ఆరు.

ప్రొఫెసరుగారు కుర్చీలోంచి లేచారు. "ఇది కచ్చితంగా లోపలి రాయేనా?" అని ఒకటే ప్రశ్న అడిగారు. "సంచి మీద రాసుంది సార్," అంది మరదలు. ఆయన ఆ సాయంత్రమే ముగ్గురు స్నేహితులకి ఉత్తరాలు రాశారు. మరదలు తన సిద్ధాంతగ్రంథం పేరు మార్చి 'అట్టడుగు నుంచి' అని మొదలయ్యేలా పెట్టుకుంది. ఏడేళ్ళ "ఇంకో ఆర్నెల్లు" ఒక్కసారిగా "వచ్చే శుక్రవారం" అయిపోయింది. ఆ శుక్రవారం బయటినుంచి వచ్చే పరీక్షకుల ముందు ఆమె మాట్లాడాలి, వాళ్ళు సరేనంటే పట్టా.

సోమవారం మధ్యాహ్నం ప్రొఫెసరుగారు కిందికి దిగి వచ్చారు. "వదినగారూ, ఆ మహారాయి మిగిలిన ముక్కకి ఒక ఫోటో తీయించాలి. మంచి ముఖం ఎటువైపుందో చూసి పెట్టండి."

పెళ్ళిచూపులకి పిల్లని తయారుచేసినంత శ్రద్ధగా వదిన ఆ ముక్కని మైక్రోస్కోపు కింద పెట్టింది. లావారాళ్ళ నిండా పాత బుడగల గుంటలుంటాయి. ఒక గుంటలో, పళ్ళబ్రష్షు అందనంత లోపల, ఏదో మురికి కనబడింది. చెయ్యి దానంతట అదే సూది అందుకుంది. గుచ్చి, తీసి, తుడిచిపారేయబోయి, ఆగింది.

మురికి కాదది. బూడిదరంగు మీద పసిమి తిరిగిన పొక్కు, ఎండిపోయి, అంచులు పైకి లేచి. ప్రహరీగోడల మీద, పాత పెంకుల మీద, ఎండకీ వానకీ ఏళ్ళ తరబడి పడి ఉన్నవాటి మీద పట్టే రాతినాచు. నిరుడు వర్షాలయ్యాక మేడ మెట్ల మీంచి దీన్నే గీకలేక చెయ్యి నొప్పి పుట్టింది.

నిలువెత్తు లావా అడుగున, దానికి మూరెడు లోపల, చీకట్లో ఉన్న రాయికి రాతినాచు ఎలా పడుతుంది?

వదిన లేచి బీరువాలోంచి ఇంకా పై ఊరికి పంపని రెండో సంచి తీసింది. ఈసారి ముందు మొదటి రాయిని దాని సంచిలో పెట్టి, మూతి కట్టి, పక్కన పెట్టింది. పై రాయి అని రాసి ఉన్న రాయిని నాలుగుపక్కలా తిప్పి చూసింది. అంచులన్నీ వాడిగా, కొత్తగా విరిగినట్టున్నాయి. ఒకచోట సుత్తిదెబ్బ తెల్లటి నక్షత్రంలా ఉంది. ఒక్క పొక్కు లేదు.

కిటికీ అవతల చెప్పులు వస్తూ పోతూ ఉన్నాయి. ఆవిడకి సింకు, నురగ, గట్టు మీద పక్కపక్కనే ఆరుతున్న రెండు రాళ్ళూ కళ్ళకి కట్టాయి. పెద్దరాయి పెద్ద సంచిలో!

సూదిమొన మీద నువ్వుగింజలో పావువంతు కూడా లేదది. ఒక్కసారి ఊదితే చాలు. ఇంట్లో ఇంతకన్నా పెద్ద సంగతులు ఎన్నిటినో ఆవిడ చీపురుతో తలుపు వెనక్కి తోసింది. అత్తగారికి ఇష్టమైన పింగాణీగిన్నె పిల్లి పగలగొట్టిందన్న మాట ఆ ఇంట్లో ఈనాటికీ చెలామణీలో ఉంది, వాళ్ళింట్లో పిల్లి లేకపోయినా సరే. ఇదీ అలాగే పోతుంది. ముప్ఫై ఆరు ముప్ఫై ఆరుగా ఉంటుంది, మరదలు డాక్టరవుతుంది, ఎవరి రాయి వాళ్ళది.

వదిన ఊదలేదు. ఊపిరి బిగబట్టి, ఆ పొక్కుని చిన్న గాజుసీసాలో రాల్చి బిరడా బిగించింది. సీసా చేతిసంచిలో వేసుకుని, "మంచి ముఖం రేపు చెప్తాను సార్," అని ఇంటికొచ్చేసింది.

ఆ సాయంత్రం ముందుగదిలో మరదలు తన ప్రసంగం ఒప్పజెప్పుకుంటోంది. శ్రోత అన్నగారు. ఆయన బస్సు డిపోలో టైంటేబుళ్ళు వేస్తారు. ప్రపంచంలో ఏ విషయం చెప్పినా అది ఎక్కడ బయల్దేరింది, ఎక్కడ ఆగింది, ఎంత ఆలస్యమైంది అన్నదే ఆయనకి పట్టింపు.

"ఈ శిల రెండు వేల తొమ్మిది వందల కిలోమీటర్ల లోతు నుంచి..."

"ఎన్నాళ్ళ ప్రయాణమే?" అన్నారాయన.

"కోట్ల ఏళ్ళు అన్నయ్యా."

"మధ్యలో ఆగిందా?"

"ప్రసంగం అయ్యాక అడుగు. పరీక్షకులు కూడా అయ్యాకే అడుగుతారు."

"సరే, ఒక్కటి చెప్పు. ఆ రాయి ఇదేనని ఎలా తెలుస్తుంది?"

"సంచి మీద రాసుంటుందిగా."

"అదే అడుగుతున్నా. ఒకసారి మా డిపోలో రెండు బస్సులు కడిగి బోర్డులు అటుదిటు పెట్టేశారు. యాభై మంది కూర్చుని హాయిగా వేరే ఊరు వెళ్ళి దిగారు. ఒక్కరంటే ఒక్కరు దారిలో బయటికి చూడలేదు. బోర్డు మీద రాసుంది కదా మరి."

వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న వదిన చేతిలో పళ్ళెం కిందపడలేదు. మాట విని పళ్ళెం పడేసే మనిషి కాదావిడ. పళ్ళెం బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, చేతిసంచిలోంచి సీసా తీసి మరదలి ముందు పెట్టింది.

"ఏంటిది వదినా?"

"రాతినాచు. నీ లోపలి రాయి గుంటలో ఉంది."

మరదలు సీసాని దీపం దగ్గర పట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. ఆ అమ్మాయి ముఖంలో ముప్ఫై ఆరు ఒక్కొక్క మెట్టే దిగి రావడం వదినకి కనబడుతూనే ఉంది.

"రెండూ కలిపి కడిగావా?"

"కలిపే కడిగాను. సంచులు కూడా ఉతికాను. పెద్దదాన్ని పెద్ద సంచిలో వేశాను."

"అట్ట చదవలేదా?"

"చదివాను."

అన్నగారు తన డిపో కథ ఎందుకు చెప్పానా అన్నట్టు కిటికీ వైపు తిరిగారు.

"ఎంత శుభ్రం వదినా నీది," అంది మరదలు చివరికి. "ఏడేళ్ళు. ఏడేళ్ళు కాచుకుంటే ఒక్క అంకె వచ్చింది. దాన్ని నువ్వు పీచుపెట్టి తోమేశావు."

"తోమాను."

"ఇప్పుడెందుకు చెప్పావు? శుక్రవారం అయ్యాక చెప్పుండాల్సింది."

"శుక్రవారం అయ్యాక చెప్పేదాన్నయితే అసలు చెప్పేదాన్నే కాదు. నా సంగతి నాకు తెలుసు. పింగాణీగిన్నె అడుగు."

"అది పిల్లి..." అని మరదలు సగంలో ఆగి, వదిన వైపు చూసింది. "నువ్వా!"

"మనింట్లో పిల్లెక్కడిదే?"

అన్నగారు కిటికీ వైపు నుంచి నెమ్మదిగా ఇటు తిరిగారు. పద్దెనిమిదేళ్ళుగా తల్లి దగ్గర ఆ పిల్లి తరఫున సాక్ష్యం చెప్తూ వచ్చింది ఆయనే. మరదలికి ఆపుకోలేక ఒక చిన్న నవ్వు వచ్చింది. వెంటనే కోపం కూడా వచ్చింది, అలాంటప్పుడు నవ్వు వచ్చినందుకు. మెట్లెక్కి మేడ మీదికి పోయి తలుపేసుకుంది. భోజనానికి దిగలేదు. వదిన పళ్ళెం పట్టుకెళ్ళి తలుపు బయట పెట్టి వచ్చింది. పొద్దున్న చూస్తే పళ్ళెం ఖాళీగా ఉంది, కడిగి మరీ ఉంది. మరదలు ఈ ఇంట్లో ఏడేళ్ళలో పళ్ళెం కడగడం అదే మొదలు. అది రాజీయో, దెప్పిపొడుపో వదినకి తేలలేదు.

మంగళవారం పొద్దున్న ప్రొఫెసరుగారు సీసాని చూశారు, రెండు రాళ్ళనీ చూశారు, గోడ మీది అట్టనీ చూశారు.

"నేను మూడు ఉత్తరాలు రాశాను," అన్నారు.

"నన్ను ఇవాళే మానేయమంటే మానేస్తాను సార్," అంది వదిన.

"మీరు మానేస్తే పలుకులు ఎవరు ఏరతారు? ఈ సుత్తిదెబ్బ ఉన్నది అసలు లోపలి రాయి. దీన్ని ఇంతవరకూ ఎవరూ బద్దలుకొట్టలేదు. గురువారం మధ్యాహ్నానికి దీంట్లోంచి గ్రామున్నర ఏరగలరా? అంత ఉంటే నలపనూ వచ్చు, కరిగించనూ వచ్చు. నలిపితే బుడగల్లోదే వస్తుంది, కరిగిస్తే ఆకాశం పుట్టించినదీ కలిసి వస్తుంది. రెండూ ఒకటే చెప్తే ఆకాశం గొడవ లేనట్టు."

"ఇంతకుముందు గ్రాముకి నాలుగురోజులు పట్టింది సార్."

"అందుకే అడుగుతున్నాను."

"సార్," అంది మరదలు, "ఎనిమిది వస్తే?"

ప్రొఫెసరుగారు చేతిలోని రాయిని సంచిలో పెట్టారు. ఎనిమిది వస్తే ఆ లావాకి ఏ లోతూ లేనట్టు, సముద్రం అడుగున ఎక్కడైనా దొరికే రాయీ ఇదీ ఒకటే అయినట్టు. గ్రంథంలో ఐదు అధ్యాయాలు ఈ ఒక్కదాని మీదే నిలబడి ఉన్నాయి. "వస్తే ఎనిమిది అని చెప్దాం," అన్నారాయన. "అప్పుడు శుక్రవారం ఉండదు. ఇంకో ఆర్నెల్లు."

ఆ మాట వినగానే వదిన వెళ్ళి స్టూలు మీద కూర్చుంది.

ఆ మూడు రోజులూ ఇంట్లో భర్తే వంట చేశారు. చేశారు అనడం మర్యాద. ల్యాబులో వదిన చూపు మైక్రోస్కోపులోంచి బయటికి రాలేదు. బల్ల మీద ఒకే రాయి, పక్కన ఒకే సంచి, సంచి మూతికి తన చేత్తో కట్టిన ముడి. పచ్చటి పలుకు, పగులు లేదు, సీసాలోకి. పచ్చటి పలుకు, లోపల నల్లచుక్క, అవతలికి. మరదలు రెండో మైక్రోస్కోపు తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. ఇద్దరి మధ్యా మాటలు లేవు, పట్టకార్ల టిక్కుటిక్కులు తప్ప.

బుధవారం మధ్యాహ్నం మరదలు తల ఎత్తకుండానే, "నీ కుప్ప ఎంతయింది?" అంది.

"నీదానికి మూడింతలు."

"నువ్వు పగిలినవి కూడా వేసేస్తున్నావేమో."

"నా కుప్పలో ఒక్క పగుళ్ళ పలుకు చూపించు, నీ పాదాలకి నమస్కారం పెడతాను."

మరదలు లేచి వచ్చి, వదిన సీసాని తన మైక్రోస్కోపు కింద పెట్టి వెతికింది. చాలాసేపు వెతికింది. సీసా తెచ్చి పెట్టేసి, వెళ్ళి కూర్చుంది. పది నిమిషాలాగి, "బియ్యంలో కూడా ఇంత బాగా ఏరుంటే మా అన్నయ్య పన్ను విరిగేది కాదు," అంది.

వదిన ఊపిరి వదిలింది. దెప్పడం మొదలుపెట్టిందంటే పరవాలేదు.

గురువారం మధ్యాహ్నం మూడో అంతస్తు. యంత్రం గది చల్లగా, పంపుల మోతతో నిండి ఉంది. వదిన ఎప్పుడూ ఇంత పైకి రాలేదు. ఆవిడ ఎరిగిన రాళ్ళన్నీ కిందే ఉండేవి, అంకెలు ఇక్కడ ఉండేవి. ప్రొఫెసరుగారు సగం పలుకుల్ని శూన్యపు గొట్టంలో నలిపారు. మిగతా సగం పొయ్యిలో కరిగించారు. ప్రతిదానికీ ముందు ఖాళీ గొట్టాన్ని ఒకసారి కొలిచి, ఉత్తగాలి ఏమీ లేదని చూసుకున్నారు. వదినకి ఆ పద్ధతి నచ్చింది. వంట మొదలుపెట్టే ముందు గిన్నె వాసన చూసినట్టుంది.

బయట వాన రెండుసార్లు పడి ఆగేంతసేపు పట్టింది. మరదలు తెర వైపు, వదిన మరదలి వైపు చూస్తూ కూర్చున్నారు.

"నలిపినది, పదిహేను," అన్నారు ప్రొఫెసరుగారు.

ఇంకో ముప్పావుగంట.

"కరిగించినదీ పదిహేనే."

మరదలు కళ్ళు మూసుకుంది. ఎనిమిది కాదు. ముప్ఫై ఆరూ కాదు. ఆ లావా ఎక్కడో లోతులోంచే వచ్చింది, మామూలు పొర దాటే వచ్చింది. అట్టడుగు అని ఒట్టువేయడానికి మాత్రం లేదు. ఆమె బల్ల మీది ప్రతిని దగ్గరికి లాక్కుని, పై అట్ట మీద 'అట్టడుగు నుంచి' అన్న రెండు మాటల మీదా అడ్డంగా ఒక గీత గీసి, 'లోతు నుంచి' అని రాసింది. కాసేపు దాన్ని చూసుకుంది.

"పేరు చిన్నదయింది," అంది.

"అట్ట ఖాళీగా కనబడుతుంది. బాగుంటుంది," అంది వదిన.

ప్రొఫెసరుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "మూడు ఉత్తరాలు మళ్ళీ రాయాలి. రెండు నేను రాస్తాను వదినగారూ. మూడోది మీరు రాద్దురు. ఆయన కాస్త కోపిష్టి."

శుక్రవారం హాల్లో వదిన చివరి వరసలో కూర్చుంది, భర్త పక్కన. మరదలు రెండు అంకెలూ దాచకుండా పెట్టింది. ముందు ముప్ఫై ఆరు, అది ఎలా వచ్చిందో. తర్వాత గాజుసీసాలోని పొక్కు, గోడంత పెద్దదిగా తెర మీద. ఆ తర్వాత పదిహేను, రెండుసార్లు. పరీక్షకుల్లో ఒక పెద్దావిడ ఉంది. చివర్లో ముందుకు వంగి అడిగింది.

"మొదటి అంకెని కూడా మీరు సంచి మీది రాత చూసే నమ్మారు. రెండోదాన్ని మాత్రం నేనెందుకు నమ్మాలి?"

మరదలు ఒక్క క్షణం కాగితాల వైపు చూసింది. తర్వాత కాగితాలు పక్కన పెట్టేసింది.

"నలిపినా కరిగించినా ఒకటే వచ్చింది కనక. పైన పడి ఉన్న రాయైతే రెండూ ఒకటి కావు. ఇంకోటి, ఆ నాచు కనిపెట్టింది, రాళ్ళు మారాయని చెప్పింది, వాటిని మార్చినావిడే. చెప్పకపోతే మాలో ఎవరికీ తెలిసేది కాదు. రెండోసారి పలుకులు ఏరింది కూడా ఆవిడే. ఆవిడ చేతిలోంచి వచ్చినది నేను నమ్ముతాను."

"ఆవిడ ఎవరు?"

"మా వదిన."

హాలు మొత్తం వెనక్కి తిరిగింది. వదిన కూడా అలవాటు చొప్పున వెనక్కి తిరిగి చూసింది. వెనకాల గోడ తప్ప ఎవరూ లేరు.

పెద్దావిడ తన కాగితం మీద ఏదో రాసుకుని, "నాకింకేం ప్రశ్నలు లేవు," అంది. సాయంత్రానికి పట్టా ఖాయమైంది. దారిలో అన్నగారు అడగాలనుకున్న ప్రశ్న అడిగారు, "ఇంతకీ మధ్యలో ఆగిందా లేదా?" అని. "ఆగింది అన్నయ్యా. వదిన సింకులో ఒక నెల," అంది డాక్టరమ్మ.

సోమవారం కొత్త పెట్టె వచ్చింది. పన్నెండు రాళ్ళు, పన్నెండు సంచులు, అన్నిటికీ మట్టి. వదిన సింకులో నీళ్ళు పట్టి, ఒక సంచి విప్పి, ఒక రాయి తీసింది. మిగతా పదకొండు సంచుల మీదా పెట్టె మూత వేసి, మూత మీద స్టూలు పెట్టింది. ముందు రాయిని నాలుగుపక్కలా తిప్పి, ఏ మురికి ఎక్కడుందో పుస్తకంలో రాసుకుంది. ఆ తర్వాతే పీచు అందుకుంది, అదీ కాస్త మెత్తగా.

మరదలు గుమ్మంలోంచి తొంగిచూసింది. "ఇంకా మొదటిదేనా? ఇలాగైతే పన్నెండూ ఎప్పటికయ్యేను?"

"తొందరైతే ఇంటికెళ్ళి అంట్లు తోము. అవన్నీ ఒకేసారి నానబెట్టి వచ్చాను," అంది వదిన.

స్టూలు కింద పదకొండు రాళ్ళూ తమ వంతు కోసం కూర్చున్నాయి. వాటికి తొందరేమీ ఉన్నట్టు లేదు.